ఎల్రాయ్ కొట్లో రెండో పిస్టల్

డ్రై ఫోర్క్, మోంటానా
4 అక్టోబరు 1981

తమ్ముడు ఆరిన్‌కి,

ఈ ఉత్తరం టైపు మిషన్ మీద కొడుతున్నాను, కంగారు పడకు. మణికట్టు కాస్త పట్టేసింది. బడి వంటగదిలో ఏళ్ళ తరబడి గరిటె తిప్పిన చెయ్యి కదా, అలిగింది. మిషన్ బడివాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నాను.

ఫోన్ చేసి అడిగితే చిటికెలో తేలిపోయే సంగతే. కానీ నీ చెవులు తుపాకుల పాలయ్యాక మనిద్దరికీ తపాలా సంచే గతి అయింది. విషయం ఏమిటంటే, నేనొక పిస్టల్ కొందామనుకుంటున్నాను. రివాల్వర్ కాదు. తూటా పేలగానే తనంతట తానే ఇంకోటి నింపుకునే రకం, పాయింట్ టూటూ అనే సన్న తూటాది. ఎల్రాయ్ దాణా కొట్లో మేకుల డబ్బాల వెనక రెండున్నాయి. రెండూ వాడినవే. ఒకటి కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. రెండోది కడగని మూకుడులా ఉంది. దేన్ని ఎలా చూడాలో, ఎక్కడ మోసం ఉంటుందో రాయి. ఎల్రాయ్ సంగతి నీకు తెలుసు, తడిసిన గడ్డి తూకం వేసి అమ్మే మనిషి.

శీతాకాలం గురి పోటీలు ఫిబ్రవరిలో మొదలవుతాయి. గురువారం సాయంత్రాలు, ఎప్పట్లాగే పాత సైనికుల హాలు కింది గదిలో. నువ్వు బాగుచేసి ఇచ్చిన రివాల్వర్‌ని ఇక పక్కన పెడుతున్నాను. ఎందుకని అడక్కు. వయసుతో పాటు మనసూ మారుతుంది.

ఇక్కడ మంచు ఇంకా పడలేదు. పక్క పొలం హాల్వర్ గొర్రెలు మళ్ళీ నా క్యాబేజీ మడిలో పడ్డాయి. ఆయన వచ్చి క్షమాపణ చెప్పి, మిగిలిన క్యాబేజీ కూడా అడిగి పట్టుకెళ్ళాడు.

నీ అక్క
వెర్నా


యూమా, అరిజోనా
11 అక్టోబరు 1981

అక్కా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఇంకా ఎండలు మాడుస్తున్నాయి. చక్రాల మీది నా బండి ఇంటి రేకుల మీద గుడ్డు పగలగొడితే అట్టు అయిపోతుంది. పక్క బండిలోని ముసలాయన రోజూ పేకాటకి పిలుస్తాడు. నాకు వినబడదని తెలిసి తన ముక్కలు పైకే చదువుకుంటాడు. పెదాలు చూసి నేను గెలుస్తాను.

రివాల్వర్ సంగతి చదివి మనసు చివుక్కుమంది, దాచను. ఆ ట్రిగ్గర్‌ని నీ వేలికి తగ్గట్టు ఎంత ఓపిగ్గా సానబెట్టానో నాకు తెలుసు. అలాంటి పని చెయ్యాలంటే ఇప్పుడు నా కళ్ళు కూడా సహకరించవు. దాన్ని ‘పక్కన పెడుతున్నాను’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సరే. నీ వస్తువు, నీ ఇష్టం.

ఇక పిస్టల్. చేతిలోకి తీసుకోగానే ముందు మ్యాగజైన్, అదే పిడిలోని తూటాల డబ్బీ, తీసెయ్యి. తర్వాత పైన జారే స్లైడు వెనక్కి లాగి లోపల తూటా లేదని కంటితో చూడు, వేలు పెట్టి తడుము. ఎల్రాయ్ ‘ఖాళీయే’ అంటాడు. అందరూ అదే అంటారు.

ఆపైన గొట్టం. వెనక నుంచి తెల్ల కాగితం ముక్క పెట్టి, ముందు నుంచి చూడు. లోపల గీతలు స్పష్టంగా తిరుగుతూ కనబడాలి. ఎక్కడైనా ఉంగరంలాంటి నీడ ఉంటే అక్కడ గొట్టం ఉబ్బిందన్న మాట. ఎంత మెరిసినా వద్దు. తూటా కూర్చునే చోటు అంచు మీద గోరు ఆడించు. గంటు తగిలితే ఎవడో మూర్ఖుడు తూటా లేకుండా టకటక కొట్టి పాడుచేశాడని. స్క్రూల తలలు నలిగిపోయి ఉంటే ఎవడో తెలియని వాడు విప్పాడని. చివరికి మ్యాగజైన్. దాని మూతి దగ్గర రెండు రేకు పెదవులుంటాయి, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. పైన మెరుగు పోతే పోనీ. పిస్టల్‌కి అందం పైన ఉండదు.

మణికట్టుకి ఆవాలు వేడిచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టు. అమ్మ అదే చేసేది.

ఆరిన్


డ్రై ఫోర్క్
20 అక్టోబరు 1981

తమ్ముడూ,

కొన్నాను. మూకుడునే కొన్నాను.

ముందు పెళ్ళికూతుర్ని చూపించాడు ఎల్రాయ్. “దీన్ని ఒక పెద్దమనిషి ఆదివారాలు మాత్రమే పేల్చేవాడు వెర్నా, అంతే” అన్నాడు.

“ఆదివారం చర్చికి పోని పెద్దమనిషా?” అన్నాను.

విప్పించాను. కాగితం పెట్టి చూస్తే నువ్వు చెప్పినట్టే మధ్యలో ఉంగరం నీడ. చూపిస్తే తల గోక్కున్నాడు. “అది ఎప్పట్నుంచో అక్కడే ఉంది. దాని వల్ల ఏం కాదు” అన్నాడు.

“నీ పొట్ట కూడా ఎప్పట్నుంచో అక్కడే ఉంది. ఏం కాదనా డాక్టరు మాంసం మానమన్నది?”

కొట్లో ఉన్న ఇద్దరు రైతులు దాణా బస్తాల మీద పడి నవ్వారు. రెండోది బయటికి తీయించాను. పైన నీలం మెరుగు అంతా పోయి తుప్పు మచ్చలు. పిడి చెక్క ఒకటి పగిలితే ఎవరో జిగురేశారు. కానీ గొట్టం లోపల, ఆరిన్, తొలిపొద్దున నది నీళ్ళలా ఉంది. బేరం కుదిరింది. అమ్మిందెవరో చెప్పడు కానీ, ఆ మనిషి లోపల మాత్రం శ్రద్ధగా తుడుచుకునేవాడు. అలాంటి వాళ్ళు నాకిష్టం.

ఇప్పుడు నా కష్టాలు విను. నాలుగైదు తూటాలకి ఒకసారి నోరు తెరుచుకుని ఆగిపోతోంది. కొత్త తూటా సగం లోపలికి వెళ్ళి ముక్కు పైకెత్తి ఇరుక్కుంటోంది. అలవాటు కొద్దీ నూనె దండిగా పట్టించాను. ఇంకా ఎక్కువైంది.

ఇంకో రెండు మాటలు. స్లైడు వెనక్కి లాగడం మహా కష్టంగా ఉంది. లోపలి స్ప్రింగ్ కత్తిరించో మార్చో మెత్తబరచవచ్చా? ఒంటి చేత్తో నింపడానికి, విప్పడానికి ఏదైనా ఉపాయం ఉందా?

రివాల్వర్ గురించి నువ్వు అలా బాధపడతావనుకోలేదు. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సొరుగులో నూనె గుడ్డలో భద్రంగా ఉంది.

నీ వెర్నా


యూమా
27 అక్టోబరు 1981

అక్కా,

మూకుడుని ఎంచుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. ఎల్రాయ్ పొట్ట దగ్గర నేను కూడా గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకు వినబడలేదు కానీ పక్క బండి కుక్క మొరగడం కనబడింది.

నూనె అంతా తుడిచెయ్యి. పల్చటి పూత చాలు, వేలి మీద అద్దుకుని రాసినంత. మన ఊరి చలికి నూనె తేనెలా గడ్డకట్టి స్లైడుని పట్టేస్తుంది. తూటా కూర్చునే చోట తూటాల మీది మైనం, మసి పేరుకుంటాయి. ఇత్తడి బ్రష్‌తో అక్కడ తోము. తూటా ముక్కు పైకెత్తుతోందంటే మ్యాగజైన్ పెదవి ఒకటి వంగి ఉంటుంది. పక్కన ఆనించి చూసి, సన్నని పటకారుతో వెంట్రుకవాసి సర్దు. అంతకంటే వంచితే విరుగుతుంది.

స్ప్రింగ్ మాత్రం కత్తిరించకు. అది మెత్తబడితే పేలినప్పుడల్లా స్లైడు సుత్తిలా వెనక్కి కొట్టుకుని మొత్తం ఇనుము పగులుతుంది. నిజానికి నీ పిస్టల్ వయసుకి కొత్త స్ప్రింగ్ వెయ్యాలి. దీనితో పాటే పోస్టులో పంపుతున్నాను. లాగడం ఇంకా కష్టమవుతుంది కూడా.

ఇక అసలు మాట. మన ఊళ్ళో తుపాకుల దుకాణం నడిపినన్నాళ్ళూ నా దగ్గరికి రకరకాల మనుషులు వచ్చారు. ఒంటి చేత్తో తుపాకీ తిప్పాలనుకునే వాళ్ళు రెండో చేత్తో ఏదో పట్టుకుని ఉంటారు. తలుపో, మనిషినో. నీ ఉత్తరాలన్నీ టైపులో వస్తున్నాయి. సంతకం కూడా టైపే. ఉన్నట్టుండి రివాల్వర్ పనికిరాకుండా పోయింది. ఎవరికి భయపడుతున్నావు? ఊరి చివర ఒంటరిగా ఉంటున్నావు. ఎవడైనా వచ్చి తలుపు కొడుతున్నాడా? ఉన్నదున్నట్టు రాయి.

నీ తమ్ముడు
ఆరిన్


డ్రై ఫోర్క్
5 నవంబరు 1981

ఆరిన్‌కి,

నా తలుపు కొట్టేది హాల్వర్ ఒక్కడే. అతనికి భయపడాల్సిన రోజు వస్తే గొర్రెలకి కూడా భయపడాలి.

నూనె తుడిచాను, బ్రష్‌తో తోమాను. నల్లటి బంక ఎంత వచ్చిందో చూస్తే ఆ అమ్మినాయన మీద నా గౌరవం కాస్త తగ్గింది. మ్యాగజైన్ ఎడమ పెదవి వంగే ఉంది. బల్లకి బిగించే పట్టులో, పాత ఫ్లానెల్ చొక్కా ముక్క చుట్టి పెట్టి సరిచేశాను. నిన్న ఇరవై తూటాలు వరసగా పేలాయి. ఒక్కటీ ఆగలేదు. గిన్నె మీద మూత ఆడినట్టు టక్, టక్, టక్. సంతోషం పట్టలేక కుక్కకి మాంసం ముక్క వేశాను.

స్ప్రింగ్ అందింది. వేశాను. నువ్వన్నట్టే లాగడం కష్టమైంది. దానికి నా తిప్పలు నేను పడతాను.

మిగతా ప్రశ్నలు నాకు నచ్చలేదు. పిస్టల్ గురించి అడిగితే పిస్టల్ గురించి చెప్పు. నాకు అరవై నిండాయి. దేనికి ఏది కావాలో నాకు తెలుసు. ఇంకోసారి నన్ను ఇలా ఆరా తియ్యకు.

చలి మొదలైంది. నీళ్ళ గొట్టాలకి గడ్డి చుట్టించాను.

వెర్నా


యూమా
12 నవంబరు 1981

అక్కా,

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రానీ.

నువ్వు చెప్పవేమోనని పోయిన నెలలోనే హాల్వర్‌కి రాశాను. ఎవరైనా నిన్ను బెదిరిస్తున్నారా అని అడిగాను. మూడు ముక్కలు జవాబు రాశాడు. ‘ఎవరూ బెదిరించడం లేదు. ఆమె ఒంటరిగా ఉండకూడదని నా అభిప్రాయం. అంతకుమించి చెప్పనని మాటిచ్చాను.’

అది చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. పేకాటకీ పోలేదు. పక్క బండి ముసలాయన సూపు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు.

కొట్లో ఉన్నప్పుడు కొనేవాడి కళ్ళు చూసేవాణ్ణి. కొందరిని ‘ఇవాళ కాదు, వచ్చే వారం రా’ అని పంపేసేవాణ్ణి. ఒక్కో మనిషి ఆ వారంలో తేరుకునేవాడు. నీ కళ్ళు నాకు కనబడటం లేదు అక్కా. నీ చేతిరాత కూడా కనబడటం లేదు. మనసు బాగాలేని మనిషి ఇంట్లో పిస్టల్ ఉండకూడదు. దాన్ని, రివాల్వర్‌ని కూడా, హాల్వర్‌కి ఇచ్చెయ్యి. వసంతం దాకా అతని దగ్గరే ఉండనీ. అతనికి కూడా రాశాను, వచ్చి తీసుకెళ్ళమని.

నీకేమైనా అయితే నాకు ఇంకెవరూ లేరు.

ఆరిన్


డ్రై ఫోర్క్
19 నవంబరు 1981

ఆరిన్,

నీకు వినబడదు కాబట్టి బతికిపోయావు. ఫోనులో అయితే ఇవాళ యూమా ఊరంతా వినేలా అరిచేదాన్ని.

హాల్వర్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, గుమ్మంలో మంచు దులుపుకుంటూ దులుపుకుంటూ పావుగంట నిలబడ్డాడు. “వెర్నా, మీ తమ్ముడు నీ పిస్టల్ నా దగ్గర పెట్టమన్నాడు” అన్నాడు.

“ఎందుకట?”

“నువ్వు... నీకు నువ్వు ఏదైనా...” అని మింగేశాడు. పెద్ద మనిషి, ఎద్దులాంటి మనిషి, కళ్ళలో నీళ్ళు.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. నేను చావడానికి కాదయ్యా, గురువారం పోటీకి కొన్నానని చెప్పాను. “మరి నీ చెయ్యి సంగతి వాడికి ముందే ఎందుకు రాయలేదు?” అని అడిగాడు. అడిగాడు కాబట్టి ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ఆగస్టులో చిక్కుళ్ళు కోస్తుంటే బుట్ట చేతిలోంచి జారింది. వంగి తీద్దామంటే చెయ్యి రాలేదు. పక్షవాతం. మూతి కాస్త వంకరపోయి సర్దుకుంది. కాలు తిరిగొచ్చింది. కుడి చెయ్యి రాలేదు. భుజం కొంచెం కదులుతుంది, వేళ్ళు కదలవు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. పిసకడానికి వేళ్ళు ముడుచుకుంటే కదా. ఇదంతా ఎడమ చేతి ఒక్క వేలితో కొడుతున్నాను. ఒక్కో ఉత్తరం రెండు పూటల పని.

నీకెందుకు చెప్పలేదంటే, అమ్మకి ఇలాగే అయినప్పుడు నువ్వు వచ్చి చేసింది నాకు గుర్తుంది కాబట్టి. దువ్వెన నువ్వే పట్టావు, చెంచా నువ్వే పట్టావు, కిటికీ పరదా కూడా నువ్వే లాగేవాడివి. ప్రేమతోనే. అమ్మ ఇంక మంచం దిగలేదు.

ఇక్కడ కూడా అదే ప్రేమ. సెప్టెంబరులో జట్టు సమావేశానికి వెళితే, మా జట్టు నాయకురాలు ఆర్డిస్ నన్ను కౌగిలించుకుని, “వెర్నా, ఈ ఏడు నువ్వు కాఫీ పాత్ర చూసుకో. నువ్వు లేకపోతే మాకు తోచదు” అంది. పదిహేడేళ్ళు ఆ జట్టులో పేల్చాను. ఇప్పుడు కాఫీ పాత్ర! ఒక్కరు కూడా నా వైపు సూటిగా చూడలేదు. ఆ రాత్రే అనుకున్నాను, ఎడమ చేత్తో పేలుస్తానని. రివాల్వర్ ట్రిగ్గర్ నా కుడి వేలికి నువ్వు సానబెట్టిందే. ఎడమ చేతికి సుత్తి వెనక్కి లాగి మళ్ళీ గురిపెట్టే వ్యవధి వేగం పోటీలో దొరకదు. అందుకే ఈ పిస్టల్. అర్థమైందా? నీ పనితనం మీద అలక కాదు.

ఆర్డిస్‌ని వెళ్ళి అడిగాను. “జనవరి నెలాఖరు లోపల నూటికి అరవై వస్తే చోటు ఇస్తావా?” అన్నాను. జాలిగా నవ్వి సరే అంది. ఆ జాలిని తుడిచెయ్యాలి నేను. ప్రస్తుతం నలభై ఒకటి దగ్గరున్నాను. మోకాళ్ళ మధ్య మ్యాగజైన్ బిగించుకుని తూటాలు నింపుతాను. స్లైడు లాగడమే రావడం లేదు. హాల్వర్ లాగిపెడుతున్నాడు, ప్రతిసారీ. పోటీలో హాల్వర్‌ని జేబులో పెట్టుకుపోలేను.

పిస్టల్ ఎక్కడికీ పోదు. నా దగ్గరే ఉంటుంది.

వెర్నా


యూమా
25 నవంబరు 1981

అక్కా,

రెండు రోజులు నీ ఉత్తరం బల్ల మీద బోర్లా పెట్టి తిరిగాను.

అమ్మ గురించి నువ్వు రాసింది నేను ఒప్పుకోను. చెంచా అమ్మే నా చేతికి ఇచ్చింది. ‘నువ్వు పెట్టు నాన్నా’ అంది. నువ్వు ఆ పూట బడి వంటగదిలో ఉన్నావు. ఈ విషయంలో మనిద్దరం చచ్చేదాకా కలవం, వదిలేద్దాం.

కానీ ఆగస్టు నుంచి నాకు తెలియకుండా ఉంచావే, అది వదల్లేను. నేను పెట్టె సర్దుతున్నాను. డిసెంబరు ఏడు, సోమవారం బస్సుకి వస్తాను. వంట, కట్టెలు, కుక్క, అన్నీ నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా కుర్చీలో కూర్చో. పిస్టల్ సంగతి తర్వాత చూద్దాం.

తమ్ముడు


డ్రై ఫోర్క్
30 నవంబరు 1981
(హాల్వర్ తపాలా బండి దాకా పరిగెత్తి ఇచ్చాడు)

ఆరిన్,

రాకు. కుర్చీ మాట రాసినవాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు. పెట్టె విప్పేసి, నాకు స్లైడు లాగే దారి చూపించు. అది తప్ప ఏదీ అక్కర్లేదు నాకు.

వెర్నా


యూమా
4 డిసెంబరు 1981

అక్కా,

నీ చీటీ ఆదివారం దాటి వచ్చి ఉంటే నేను బస్సులో ఉండేవాణ్ణి. పెట్టె విప్పాను. విప్పుతూ నిన్ను తిట్టాను. నేను తిట్టింది నాకే వినబడలేదు, ఏం ఉపయోగం.

పిస్టల్‌ని కాగితం మీద పక్కకి పడుకోబెట్టి చుట్టూ గీత గీసి పంపు. ముందు ఖాళీ అని చూసుకో. గీత వంకరైనా పర్లేదు. మందం కొలిచి రాయి. ట్రిగ్గర్ ఎక్కడుందో గుర్తు పెట్టు.

అంతదాకా గురి సాధన ఆపకు. ఎడమ చెయ్యి కాబట్టి ఎడమ కన్నుతో చూడు. మొదట కళ్ళజోడులో కుడి అద్దానికి కాగితం అంటించుకో. వేలిని లాగొద్దు, నొక్కు. పేలినప్పుడు నువ్వే ఉలిక్కిపడాలి. ఖాళీగా సాధన చేసేటప్పుడు పేలిన తూటా గుల్ల లోపల పెట్టి నొక్కు, లేకపోతే అంచు గంటు పడుతుంది. చెవులకి మూత తప్పకుండా పెట్టుకో. ఇది బతిమాలి చెబుతున్నాను. నా బతుకు చూశావుగా.

ఆరిన్


యూమా
16 డిసెంబరు 1981

అక్కా,

నీ గీత అందింది. వణికింది కానీ కొలతకి సరిపోయింది. పార్సిల్ దీనితో పాటే వస్తుంది.

ఇక్కడి ఎడారిలో తుమ్మలాంటి ముళ్ళ చెట్టు ఉంటుంది, దాని కర్ర ఇనుమే. దానితో తొట్టి చేశాను. లోపల తోలు అతికించాను. పిడి కిందికి దిగి బిగుసుకుంటుంది, గొట్టం గురి వైపే ఉంటుంది. ట్రిగ్గర్ మొత్తం కర్రలో మునిగి ఉండేలా తొలిచాను, పొరపాటున కూడా వేలు తగలదు. కింద మర పట్టు ఉంది, హాల్లో బల్ల అంచుకి బిగించుకో. పిస్టల్ అందులో పెట్టి ఎడమ చేత్తో స్లైడుని వెనక్కి లాగు. చేత్తో కాదు, నడుముతో లాగు, పిండి రుబ్బినట్టు ఒళ్ళంతా వెనక్కి వాల్చు. మొదటి వారం తూటాలు లేకుండానే.

మొదటి తొట్టి పగిలింది. రెండోది కాస్త వంకర. ఇది మూడోది. పక్క బండి ముసలాయన తోలు ఇచ్చాడు, తన పాత బూటు కోసి.

నీకు నేను అవసరం లేదని అర్థమైంది. పర్లేదు. ఈ కర్ర పనికొస్తే రాయి.

ఆరిన్


డ్రై ఫోర్క్
5 ఫిబ్రవరి 1982

నా తమ్ముడు ఆరిన్‌కి,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. పోటీ అయ్యాకే రాద్దామని పంతం పట్టాను. ఈ ఉత్తరానికి నాలుగు పూటలు పట్టేలా ఉంది, కాబట్టి మెల్లిగా చదువు.

నీ తొట్టిలో మొదటి రోజు స్లైడు సగమే వచ్చింది. రెండో వారానికి పూర్తిగా వచ్చింది. హాల్వర్ చేతులు కట్టుకుని నిలబడి, “ఇంక నేను దేనికి?” అన్నాడు. గొర్రెల్ని అదిలించుకోమన్నాను. జనవరి ఆఖరి వారంలో ఆర్డిస్ ఎదుట పేల్చాను. అరవై నాలుగు. గురి అట్ట తీసి వెలుతురులో పెట్టి బెజ్జాలు రెండుసార్లు లెక్కపెట్టింది. జాలి మొహం పోయి చిరాకు మొహం వచ్చింది. “నువ్వు నిలబడే తీరు బాగాలేదు, కాలు ముందుకి పెట్టు” అని కసిరింది. ఎంత హాయిగా అనిపించిందో! సెప్టెంబరు తర్వాత నన్ను కసిరిన మొదటి మనిషి.

నిన్న సేజ్ క్రీక్ ఊరి ఆడవాళ్ళ జట్టు వచ్చింది. నెమ్మది పోటీ బాగానే జరిగింది. వేగం పోటీలో, పది సెకన్లలో ఐదు తూటాలు. మంగలి మెర్ల్ ఆజ్ఞలు ఇస్తున్నాడు. “కుడి వైపు సిద్ధమా? ఎడమ వైపు సిద్ధమా?” గురి అట్టలు మా వైపు తిరిగాయి. రెండు పేల్చాను. మూడోదానికి ట్రిగ్గర్ చచ్చుబడింది. ఖాళీ గుల్ల బయటికి పోకుండా స్లైడులో నిలువుగా ఇరుక్కుంది.

అలాంటప్పుడు పిస్టల్ గురి వైపే ఉంచి ఖాళీ చెయ్యి పైకెత్తాలి కదా. అప్పుడే మళ్ళీ పేల్చుకోనిస్తారు. నా ఖాళీ చెయ్యి ఏదో నీకు తెలుసు. ఒళ్ళంతా ఎడమకి వాల్చి, భుజంతో విసిరాను. మోచెయ్యి నడుము దాటి కొంచెం పైకి లేచింది. అక్కడే ఆగింది. అట్టలు వెనక్కి తిరిగేదాకా అలాగే పట్టుకున్నాను.

సేజ్ క్రీక్ నాయకురాలు పొడుగాటి మనిషి. “ఆవిడ చెయ్యి ఎత్తలేదు” అంది. తప్పుగా అనలేదు, నియమం అడిగింది.

“ఎత్తాను. నాది అక్కడిదాకే లేస్తుంది” అన్నాను.

మెర్ల్ నియమాల పుస్తకం తీసి అద్దాలు సర్దుకున్నాడు. చదివాడు, మళ్ళీ చదివాడు. “చెయ్యి ఎత్తాలని ఉంది. ఎంత ఎత్తని లేదు” అన్నాడు. వచ్చి ఇరుక్కున్న గుల్ల చూసి తలాడించాడు. “ఇరుకు నిజమే. తీసుకో వెర్నా, మళ్ళీ పేల్చు.”

ఆర్డిస్ సాయానికి ఒక అడుగు వేసింది. నేను చూశాను. ఆగింది. మ్యాగజైన్ తీశాను, తొట్టిలో పెట్టాను, ఒళ్ళు వెనక్కి వాల్చి లాగాను. గుల్ల ఎగిరి మెర్ల్ బూటు మీద పడింది. అందరూ నా ఒక్కదాని కోసం ఎదురుచూశారు. కంగారు పడలేదు. మ్యాగజైన్ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నింపాను. మళ్ళీ ఐదు. ఐదూ పేలాయి. ఐదూ అట్ట మీదే ఉన్నాయి, ఒకటి నట్టనడుమ.

మేం ఓడిపోయాం. కానీ మా ఐదుగురిలో నాది మూడో స్థానం. ఆర్డిస్‌ది నాలుగు. పాపం ఇవాళంతా నాతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు ఆ పొడుగాటావిడ వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుని ఊపింది. “వచ్చే నెల మా ఊరు రండి. మిమ్మల్ని అక్కడ చిత్తు చేస్తాం” అంది. ప్రయత్నించండి అన్నాను.

కుడి చెయ్యి ఇంక రాదని డాక్టరు తేల్చేశాడు. దాని కోసం ఎదురుచూడటం మానేశాను. తలుపు గొళ్ళేలు, సొరుగులు అన్నీ ఎడమకి మార్పించుకున్నాను.

గుల్ల ఎందుకు ఇరుక్కుందో నాకు తెలుసు. గుల్లని పట్టి బయటికి లాగే కొక్కెం అరిగింది. నాకు తెలుసు గానీ సరిచెయ్యడం రాదు. మా జట్టులో మిగతా నలుగురివీ అంతే, ఒకదానికి స్ప్రింగ్ సాగింది, ఇంకోదానికి గురి ముల్లు వదులు. ఆర్డిస్‌ది నేను విప్పి చూస్తే లోపల కాఫీ గుండలాంటి మసి. ఎల్రాయ్‌కి అమ్మడం తప్ప రాదు. బాగుచేసేవాడి కోసం ఒక పగలంతా బండి తోలాలి. మెర్ల్ అడిగాడు, “మీ తమ్ముడు ఇంకా పని చేస్తాడా?” అని. నీ దుకాణం గది ఇంకా అలాగే ఉంది, హాల్వర్ ఉన్ని బస్తాలు పెట్టుకున్నాడు. తీయిస్తాను.

నువ్వు నాకు అవసరం లేదని రాశావు. అలా నేనెప్పుడూ అనలేదు. కుర్చీ వద్దన్నాను. నన్ను చూసుకోవడానికి వస్తే రాకు. పని చెయ్యడానికి వస్తే రా. కట్టెలు నేనే కొడతాను, నువ్వు చూస్తూ ఊరుకోవాలి. చూడలేకపోతే అటు తిరుగు. వంట చెరో పూట. పక్క బండి ముసలాయనకి నా తరఫున మంచి తోలు బూట్లు కొనిపెట్టు.

నీ అక్క
వెర్నా


యూమా
13 ఫిబ్రవరి 1982

అక్కా,

ఐదుగురి పిస్టల్స్ పేర్లు, కొక్కేల కొలతలు మెర్ల్ చేత రాయించి వెంటనే పంపు, విడిభాగాలు ఇక్కడే కొని తెస్తాను. ఆర్డిస్‌ని అందులో ఇంకా నూనె పొయ్యొద్దని చెప్పు.

బండి ఇల్లు పక్కాయనకి అప్పగించాను. ఇక్కడ ఇక అతని పెదాలు చూసేవాడెవడూ ఉండడు, గెలుచుకోనీ.

మార్చి మొదటి బస్సుకి వస్తున్నాను. స్టేషన్‌కి రావొద్దు అనబోయి ఆగాను. బండి నడపగలిగితే నువ్వే రా, పెట్టెలు బరువుంటాయి, ఒక వైపు నువ్వు పట్టాలి.

పని బల్ల ఉత్తరం వైపు కిటికీ కింద వేయించు.

ఆరిన్